చోడి కుండ, బార్లీ సీసా: బీరుకు రుచి ఎక్కడ పుడుతుంది?

ఆంధ్రను ఆనుకుని ఉన్న ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో, వారపు సంతల్లో లండా అమ్మకం మామూలే. చోళ్ళతోనో (అంటే రాగులతో), బియ్యంతోనో పులియబెట్టిన చిక్కటి పానీయం అది. రంగు మబ్బుగా ఉంటుంది, రుచి పుల్లగా ఉంటుంది, కాసేపు కదపకుండా ఉంచితే అడుగున పిండి పేరుకుంటుంది. అదే రోడ్డు మీద కాస్త ముందుకు వెళితే లైసెన్సు దుకాణం, అందులో బంగారు రంగు సీసా బీరు. రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి పట్టణాల్లోని తెలుగువాళ్ళు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టరు. ఒకటి కొండ మీద నాటు సరుకు, రెండోది కంపెనీ సరుకు. ధరల లెక్కలో ఆ తేడా నిజమే. తయారీ లెక్కలో మాత్రం రెండూ ఒకే కోవకు చెందినవి. గింజలో ఉన్న పిండిని చక్కెరగా మార్చాలి, ఆ చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి తిని ఆల్కహాలుగా మార్చాలి. ఇలా తయారైన ప్రతిదీ బీరే, కుండలో ఉన్నా సీసాలో ఉన్నా.

తేడా వచ్చేది దినుసుల దగ్గర. ఏ గింజ, ఏ నీరు, చేదు దేని నుంచి, పులియబెట్టింది ఎవరు అన్న నాలుగు ప్రశ్నలకు లండా ఒక రకంగా జవాబు చెబుతుంది, సీసా బీరు మరో రకంగా చెబుతుంది. రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మన దుకాణాల్లో దొరికే బీర్లన్నీ దాదాపు ఒకేలా ఉండటానికి కారణం బీరు స్వభావం కాదు, ఆ నాలుగు దినుసుల్లో కంపెనీలు చేసుకున్న ఎంపిక.

ముందు గింజ సంగతి. జీలుగు కల్లు తెలిసినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. జీలుగు చెట్టు గెల కోసి కుండ కడితే కారేది తియ్యటి రసం. అందులో చక్కెర సిద్ధంగా ఉంటుంది కాబట్టి గాలిలో, కుండలో ఉన్న ఈస్ట్ వెంటనే పని మొదలుపెడుతుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఘాటెక్కుతుంది. గింజకు ఆ సౌలభ్యం లేదు. చోళ్ళలో, బార్లీలో, బియ్యంలో ఉన్నది చక్కెర కాదు, పిండి పదార్థం. బీరు ఈస్ట్ పిండిని తినలేదు. చోడిపిండి నీళ్ళలో కలిపి ఊరికే వదిలేస్తే పులుస్తుందే తప్ప చెప్పుకోదగ్గ మత్తు రాదు. కాబట్టి బీరు చేయాలంటే ముందు పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైములు కావాలి.

వాటిని మనిషి వేర్వేరు చోట్ల వేర్వేరుగా సంపాదించాడు. దక్షిణ అమెరికా కొండల్లో మొక్కజొన్నను నమిలి ఉమ్మేవారు, లాలాజలంలోని ఎంజైము పని చేసేది. జపాన్‌లో సాకే కోసం అన్నం మీద బూజు పెంచుతారు. ఒడిశా ఉత్తర జిల్లాల్లో, ఝార్ఖండ్‌లో హండియా చేసేవాళ్ళు రాను అనే బిళ్ళలు వాడతారు. మూలికలు, బియ్యప్పిండి కలిపి చేసిన ఆ బిళ్ళల్లో బూజు, ఈస్ట్ రెండూ ఉంటాయి. మూడో దారి మొలకెత్తించడం. గింజ మొలకెత్తేటప్పుడు తన పిండి నిల్వను తానే కరిగించుకోవడానికి ఎంజైములు తయారు చేసుకుంటుంది. ఆ పని సగంలో ఉండగా గింజను ఎండబెట్టేస్తే ఎంజైములు మిగులుతాయి, పిండీ మిగులుతుంది. అదే మాల్ట్. పసిపిల్లలకు జావ కాచడానికి చోళ్ళను నానబోసి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పొడి కొట్టే ఇళ్ళల్లో జరిగేది కూడా మాల్టింగే. ఆ జావ మామూలు అంబలి కంటే పలచగా, కాస్త తియ్యగా ఉండటానికి కారణం మొలకలోని ఎంజైములు పిండిని కొంత విడగొట్టేయడమే.

బార్లీ మాల్ట్ పద్ధతీ ఇంతే, కొలతలు మాత్రం కచ్చితంగా ఉంటాయి. గింజలో తేమ 45 శాతం దరిదాపుల్లోకి వచ్చేదాకా విడతలు విడతలుగా నానబెడతారు. తర్వాత 15 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో నాలుగైదు రోజులు మొలకెత్తిస్తారు. మొలక మరీ పొడవెక్కితే పిండి అంతా మొక్కే తినేస్తుంది, తక్కువైతే గింజ గట్టిగానే ఉండిపోతుంది. ఆ తర్వాత బట్టీలో వేడిగాలితో ఆరబెడతారు. రుచికి సంబంధించిన పెద్ద నిర్ణయం జరిగేది ఇక్కడే. 80, 85 డిగ్రీల దగ్గర ఆపేస్తే లేత రంగు మాల్ట్ వస్తుంది. దానితో చేసిన బీరులో రొట్టె లోపలి మెత్తటి భాగం వాసన, కొద్దిపాటి తేనె వాసన ఉంటాయి. 100 డిగ్రీలు దాటిస్తే మ్యూనిక్ మాల్ట్, అందులో రొట్టె పైపెచ్చు రుచి. ఎండబెట్టకుండా తడిగా ఉన్న మొలకనే 65, 70 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచితే గింజ లోపలే పిండి చక్కెరగా మారిపోతుంది. దాన్ని ఇంకా వేడి చేస్తే పాకం ముదిరిన రుచి వస్తుంది. దీన్ని క్రిస్టల్ మాల్ట్ అంటారు. 200 డిగ్రీలు దాటించి వేయిస్తే కాఫీ, కోకో రుచులు, చివరికి మాడు చేదు.

ఈ మార్పులకు మూలం చక్కెరలూ ప్రొటీన్ల భాగాలూ వేడికి కలిసి జరిపే మైలార్డ్ చర్య. వేరుశనగలు వేయించినప్పుడు, రొట్టె కాల్చినప్పుడు ఇల్లంతా కమ్ముకునే వాసన కూడా దీనిదే. నల్ల మాల్ట్‌ను నమ్మకంగా తయారు చేయడం 1817లో గాని సాధ్యం కాలేదు. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో డేనియల్ వీలర్ గింజల్ని తిప్పుతూ వేయించే పీపాకు పేటెంట్ పొందాడు. ముదురు రంగు పోర్టర్, స్టౌట్ బీర్ల రూపురేఖలు ఆ పీపాతో మారాయి. ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. నల్ల బీరు అంటే ఘాటు బీరు అని సరిహద్దు జిల్లాల్లోనే కాదు, హైదరాబాదులోనూ అనుకుంటారు. నల్లరంగు తేవడానికి మొత్తం గింజలో వందకు ఐదు నుంచి పది పాళ్ళ వేయించిన గింజ చాలు, ఆల్కహాలుతో దానికి సంబంధం లేదు. ఐర్లండ్‌లో పేరుపడ్డ గిన్నెస్ డ్రాఫ్ట్ స్టౌట్‌లో ఆల్కహాలు 4.2 శాతం. మన దుకాణాల్లో లేత పసుపు రంగులో కనిపించే స్ట్రాంగ్ బీర్లలో అంతకు దాదాపు రెట్టింపు ఉంటుంది.

మాల్ట్‌ను మరపట్టి వేడినీళ్ళలో నానబెట్టే దశలో బీరు ఒంటి బరువు తేలుతుంది. అప్పుడు ముఖ్యంగా రెండు ఎంజైములు పని చేస్తాయి. పిండి అణువు అంటే గ్లూకోజు ముక్కలు వరసగా అతుక్కున్న పొడుగాటి పోగు. బీటా ఎమైలేజ్ ఆ పోగు కొస నుంచి రెండేసి ముక్కలు తెంపుకుంటూ పోతుంది. ఆల్ఫా ఎమైలేజ్ చెరకు గడను కత్తితో ఎక్కడపడితే అక్కడ నరికినట్టు మధ్యలో నరుకుతుంది. బీటాకు 62 నుంచి 65 డిగ్రీల వేడి నచ్చుతుంది. అది తెంపిన ముక్కలన్నీ ఈస్ట్ తినగలిగే మాల్టోజే. ఆల్ఫా 70 డిగ్రీల పైన కూడా చురుగ్గా ఉంటుంది, అది మిగిల్చే పొడుగు ముక్కల్ని ఈస్ట్ తినలేదు. కాబట్టి 63 డిగ్రీల దగ్గర నానబెట్టిన మాల్ట్ నుంచి పలచటి, పొడి పొడి బీరు వస్తుంది, ఆల్కహాలు కాస్త ఎక్కువ. అదే మాల్ట్‌ను 69 దగ్గర నానబెడితే నోరు నిండే, తీపి మిగిలిన బీరు వస్తుంది. దినుసు మారలేదు, తూకం మారలేదు, ఆరు డిగ్రీల తేడా.

ఇప్పుడు చోళ్ళ వైపు తిరిగి చూడాలి. చిరుధాన్యాల్లో మొలకెత్తినప్పుడు ఎంజైములు బాగా వచ్చే గింజల్లో చోళ్ళు ముందు వరసలో ఉంటాయి. ఉగాండాలో మాల్వా అనే బీరును చోళ్ళతోనే చేస్తారు, కుండ చుట్టూ కూర్చుని పొడుగాటి గొట్టాలతో పీలుస్తారు. బార్లీతో పోలిస్తే చోళ్ళలో బీటా ఎమైలేజ్ తక్కువ, అందుకని పిండి అంతా చక్కెర కాదు. పైగా చోడిగింజకు బార్లీకి ఉన్నట్టు గట్టి పొట్టు ఉండదు. ఈ పొట్టు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ బీరు చరిత్రలో బార్లీ పైచేయి సాధించడానికి అదీ ఒక ముఖ్య కారణం. మరపట్టినప్పుడు బార్లీ పొట్టు విరగకుండా నిలబడి, గిన్నె అడుగున పరుపులా పరుచుకుని, తియ్యటి రసాన్ని తేటగా వడకడుతుంది. చోళ్ళ దగ్గర ఆ వడపోత లేదు. పిండి, రసం, గింజ తుక్కు కలిసే ఉంటాయి. లండా మబ్బుగా, చిక్కగా, తాగితే కడుపు నిండినట్టు ఉండటానికి కారణం అదే. పొలం పనికి వెళ్ళేవాళ్ళు దాన్ని తిండిలో భాగంగా చూడటంలో అర్థం ఉంది. చోళ్ళ పైపొరలో ఉండే టానిన్ల వల్ల నాలుక మీద కొద్దిగా వగరు కూడా తగులుతుంది. ఈ వగరును లోపం అనుకోవడం పొరపాటు. చేదు కోసం వేసే హాప్స్ పూలగుత్తులు లేని బీరులో తీపిని అదుపులో పెట్టేది పులుపుతో పాటు ఆ వగరే.

ఇక కంపెనీ సీసాలో గింజ ఏమిటి? లేబుల్ మీద మాల్టెడ్ బార్లీ అని ముందు రాసి ఉంటుంది, దాని పక్కన చాలా సీసాల మీద బియ్యమో, మొక్కజొన్న రవ్వో, చక్కెరో కనిపిస్తాయి. వీటికి మొలకెత్తించే ఖర్చు లేదు. బియ్యం పిండి ఉడకడానికి బార్లీ పిండి కంటే ఎక్కువ వేడి కావాలి కాబట్టి దాన్ని విడిగా ఉడికించి మాల్ట్‌లో కలుపుతారు, మాల్ట్ ఎంజైములే దాని పిండినీ విడగొడతాయి. దీనివల్ల ఆల్కహాలు వస్తుంది, రుచి రాదు. బియ్యం ప్రొటీన్ కూడా పెద్దగా ఇవ్వదు, అందుకే నురుగు పలచబడుతుంది. చక్కెరనైతే ఈస్ట్ మొత్తానికి మొత్తం తినేస్తుంది, వెనక రుచి ఏమీ మిగలదు. బియ్యం వేయడం మోసం అనలేం. తేలిగ్గా, గొంతులో జారిపోయే బీరు కావాలనుకున్నప్పుడు అది సరైన దినుసే. దేశపు ఆహార నిబంధనల ప్రకారం ఆల్కహాలు 5 శాతం దాటి 8 శాతం దాకా ఉంటే స్ట్రాంగ్ బీరు, మన దేశంలో అమ్ముడుపోయే బీరులో సింహభాగం అదే. ఆల్కహాలు పెంచి ఒళ్ళు తగ్గించిన బీరులో ఆ ఆల్కహాలు వేడి నాలుకకు నేరుగా తగులుతుంది. దాన్ని కప్పిపుచ్చేది మంచు చల్లదనం ఒక్కటే. సీసా కాస్త వెచ్చబడగానే తాగలేకపోవడానికి కారణం ఇదే. మాల్ట్ దండిగా వేసిన ఏల్ అనే ఇంగ్లీషు రకం బీరు 12 డిగ్రీల దగ్గర తాగినా బాగుంటుంది, ఆ వెచ్చదనంలోనే దాని వాసన తెరుచుకుంటుంది.

నీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అయినా వదిలేయలేం. బీరులో తొంభై శాతానికి పైగా నీరే. చెక్ దేశంలోని పిల్సెన్ పట్టణపు నీటిలో ఖనిజాలు బహు తక్కువ, కాల్షియం లీటరుకు 10 మిల్లీగ్రాముల దరిదాపుల్లో. 1842లో జోసెఫ్ గ్రోల్ అక్కడ లేత మాల్ట్‌తో చేసిన బంగారు రంగు బీరు మెత్తటి చేదుతో రావడంలో ఆ నీటి పాత్ర ఉంది. ఇప్పుడు ప్రపంచమంతా తాగే పసుపు బీరుకు మూలం అదే. ఇంగ్లండ్‌లోని బర్టన్ నీటిలో జిప్సం ఎక్కువ, సల్ఫేట్ లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటుతుంది. సల్ఫేట్ హాప్స్ చేదును పదునెక్కిస్తుంది కాబట్టి ఆ ఊరు పేల్ ఏల్ అనే లేత రంగు బీరుకు ప్రసిద్ధి కెక్కింది. డబ్లిన్ నీరు క్షార గుణం కలది. లేత మాల్ట్ ఆ నీటిలో సరిగా పని చేయదు, వేయించిన గింజలోని ఆమ్లం కలిస్తే గాని మాల్ట్ నీటి పీహెచ్ (ఆమ్ల గుణం కొలత) 5.2, 5.6 మధ్యకు దిగదు. నల్ల స్టౌట్ ఆ ఊళ్ళో నిలదొక్కుకోవడానికి ఇదొక కారణం. ఈ లెక్కన చూస్తే తూర్పు కనుమల ఖొండలైట్ రాళ్ళ మీదుగా దిగే కొండవాగుల నీరు సాధారణంగా ఖనిజాలు తక్కువున్న నీరు, లేత బీరుకు అనువైనది. గంజాం తీరంలో ఉప్పు తగిలే బోరు నీళ్ళు, కందిపప్పు ఉడకని బావి నీళ్ళు అందుకు పనికిరావు. ఇప్పటి బ్రూవరీలు నీటిని పూర్తిగా శుద్ధి చేసి, కావాల్సిన లవణాలు తూచి కలుపుకుంటాయి కాబట్టి ఊరి నీటికి పాత ప్రాధాన్యం లేదు. కుండ బీరుకు మాత్రం ఆ ఊరి నీరే దిక్కు.

లండాకూ సీసాకూ మధ్య అసలైన గీత గీసేది హాప్స్. ఇది గంజాయి కుటుంబానికి చెందిన ఒక తీగ. ఆడ తీగకు కాసే పచ్చటి పూలగుత్తుల్లో రేకుల అడుగున పసుపు పుప్పొడిలాంటి జిగురు ఉంటుంది, పేరు లుపులిన్. చేదుకు మూలమైన ఆల్ఫా ఆమ్లాలు, వాసనకు మూలమైన నూనెలు రెండూ అందులోనే. ఆల్ఫా ఆమ్లాలు నేరుగా నీటిలో పెద్దగా కరగవు. తియ్యటి రసంలో వేసి గంటసేపు మరిగిస్తే వాటి ఆకృతి మారి, కరిగి, చేదు దిగుతుంది. కానీ అంతసేపు మరిగిస్తే వాసన నూనెలన్నీ ఆవిరిలో కలిసిపోతాయి. అందుకే చేదు కోసం మొదట్లో కొంత, వాసన కోసం ఆఖరి పది నిమిషాల్లో కొంత వేస్తారు. ఇంకా వాసన కావాలంటే పులియడం అయ్యాక చల్లటి బీరులోనే హాప్స్ నానబెడతారు. పోపు ఎప్పుడు వేయాలో తెలిసిన వంటవాళ్ళకు ఈ వరస కొత్తగా అనిపించదు.

రకాన్ని బట్టి వాసన పూర్తిగా మారిపోతుంది. చెక్ దేశపు సాజ్ హాప్స్‌లో గడ్డి, మిరియపు వాసన. 1972లో అమెరికాలో విడుదలైన కాస్కేడ్‌లో పంపరపనస వాసన. సిట్రా రకంలో మామిడి, లీచీ వాసనలు ఎంత స్పష్టంగా ఉంటాయంటే, పండ్ల రసం కలిపారేమో అన్న అనుమానం వస్తుంది. బీరంటే చేదు నీళ్ళు అని తేల్చేసినవాళ్ళు ఇలాంటి బీరు ఒక్కసారి వాసన చూసినా ఆ మాట అనరు. మన సరిహద్దు పట్టణాల దుకాణాల్లో ఆ అవకాశం బహు తక్కువ. అక్కడ దొరికే సీసా బీర్లలో హాప్స్ చేదు కోసం కొద్దిగా వేస్తారు, వాసన కోసం వేసేది నామమాత్రం. ఖర్చు ఒక కారణం. హాప్స్ తీగకు వేసవిలో పొడుగాటి పగళ్ళు, చలికాలంలో గట్టి చలి కావాలి. సాధారణంగా 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య బాగా పండుతుంది. మన దేశంలో హిమాచల్‌లోని లాహుల్ లోయలో పండిస్తారు గానీ వాడకంలో ఎక్కువ భాగం దిగుమతే. 19 డిగ్రీల దగ్గర ఉన్న కోరాపుట్‌లో ఆ తీగ సహజంగా గుత్తులు వేయడం కష్టం.

హాప్స్ బీరులోకి వచ్చింది రుచి కోసమే కాదు. దాని చేదు ఆమ్లాలు పులుపు పుట్టించే లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియాను ఎదగనివ్వవు, ఈస్ట్‌కు మాత్రం హాని చేయవు. హాప్స్ వేసిన బీరు నెలల తరబడి నిలవ ఉంటుంది, వేయనిది కొద్ది రోజుల్లో పులిసిపోతుంది. బవేరియాలో 1516 ఏప్రిల్ 23న వెలువడిన ప్రసిద్ధ శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ ఉండకూడదంది. గోధుమను రొట్టెలవాళ్ళకు మిగల్చడం దాని వెనక ఉన్న ఉద్దేశాల్లో ఒకటని చెబుతారు. లండాలో హాప్స్ లేదు కాబట్టి అక్కడ ఈస్ట్, పులుపు బాక్టీరియా పక్కపక్కనే పని చేస్తాయి. మొదటి రోజు తీపి, తర్వాత ఘాటు, ఆ తర్వాత పులుపు పైకి వస్తాయి. సంత రోజుకు సరిగ్గా అందేలా లెక్క చూసుకుని కుండ పెట్టడం అందుకే. తర్వాతి సంత దాకా దాచడం కుదరదు. యూరప్‌లో కూడా ఈ పులుపును వదులుకోని బీర్లు ఉన్నాయి. బెర్లిన్ వాళ్ళ పుల్లటి గోధుమ బీరుకు లాక్టిక్ ఆమ్లమే ప్రాణం. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ బీరును గాలిలోని సూక్ష్మజీవులకే వదిలి, చెక్క పీపాల్లో ఏళ్ళపాటు పులియబెడతారు. ఆ సీసాలు పెద్ద ధర పలుకుతాయి. పులుపు ఉన్నంత మాత్రాన లండాను చెడిపోయిన సరుకుగా చూసే అలవాటు మానుకోవాల్సిందే.

ఇక ఈస్ట్. 1516 శాసనంలో దాని ప్రస్తావనే లేదు, అదొక జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు. లూయీ పాశ్చర్ బీరు మీద తన గ్రంథాన్ని 1876లో ప్రచురించాడు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపాడు. సీసా బీరు ప్రతిసారీ ఒకే రుచిలో రావడం అప్పటి నుంచే వీలైంది. ఈస్ట్‌లో రెండు పెద్ద తెగలు. ఏల్ ఈస్ట్ 15 నుంచి 24 డిగ్రీల దగ్గర పని చేస్తూ పండ్ల వాసనలిచ్చే ఎస్టర్లు పుట్టిస్తుంది. జర్మన్ గోధుమ బీరులో పండిన అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి, అందులో అరటీ లేదు, లవంగమూ లేదు. రెండూ ఈస్ట్ తయారు చేసినవే. లాగర్ ఈస్ట్ 8 నుంచి 14 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పని చేస్తుంది, వెనక వాసనలు పెద్దగా మిగల్చదు. ఆ తర్వాత సున్నా డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచితే బీరు మరింత తేటపడుతుంది. ఈ లాగర్ ఈస్ట్ ఒక సంకరం. దాని తల్లిదండ్రుల్లో ఒకరు మామూలు ఏల్ ఈస్ట్, రెండో జాతి ఏదో చాలాకాలం తెలియలేదు. 2011లో అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో అది బయటపడింది.

మన సీసాలన్నీ ఇంచుమించు లాగర్లే. బియ్యం, చక్కెరతో మాల్ట్ రుచి తగ్గించి, హాప్స్ తగ్గించి, ఆ మీదట వాసన వదలని ఈస్ట్‌ను ఎంచుకుంటే మూడు వైపుల నుంచీ రుచి తగ్గినట్టే. రెండు కంపెనీల సీసాలు కళ్ళు మూసుకుని తాగితే తేడా తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

లండా ఈస్ట్‌కు మాత్రం చల్లటి గది లేదు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న కోరాపుట్ పీఠభూమిలో చలికాలపు రాత్రులు గట్టిగానే చల్లబడతాయి, అప్పుడు కుండ నెమ్మదిగా పులుస్తుంది, తీపి కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. కింద మల్కన్‌గిరిలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటినప్పుడు అదే పిండి ఒక్కరోజులో ఉరకలెత్తి, ఘాటు వాసనతో, పదునైన పులుపుతో వస్తుంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్ 35, 40 డిగ్రీల దగ్గర కూడా శుభ్రమైన రుచినిస్తుందని ఇటీవలి పరిశోధకులు గుర్తించారు. ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా కొనుక్కుంటున్నారు. తూర్పు కనుమల కుండల్లో ఇన్ని తరాలుగా వేడికి అలవాటుపడ్డ ఈస్ట్‌లు ఏమున్నాయో ఆ శ్రద్ధతో చూడాల్సిన అవసరం ఉంది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. విత్తనానికి దక్కిన ఆ గౌరవం కుండ అడుగున ఉన్న మడ్డికీ దక్కాలి.

కొనుక్కునేవాళ్ళకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. హాప్స్ చేదు ఆమ్లాలకు ఎండ తగిలితే, బీరులో సహజంగా ఉండే రిబోఫ్లావిన్ (బి2 విటమిన్) వల్ల ఒక గంధకపు సమ్మేళనం పుడుతుంది. వాసన ముక్కు మూసుకునేలా ఉంటుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, పచ్చ సీసా పెద్దగా ఆపదు, తెల్ల సీసా అసలు ఆపదు. ఎండ పడే అరలో పెట్టిన పచ్చ సీసాను వదిలేయడమే మంచిది. వేడి కూడా బీరుకు శత్రువే. లారీలో, గోదాములో వారాలపాటు ఉడికిన బీరుకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. ఆ తర్వాత ఎంత చల్లబరచినా అది పోదు. కాబట్టి ధర కంటే ముందు తయారీ తేదీ చూడాలి.

ఇక చోళ్ళతో తేటైన, నిలవుండే బీరు సాధ్యమా అంటే, దినుసుల లెక్క ప్రకారం సాధ్యమే. చోడి మాల్ట్‌లో కొరవడిన బీటా ఎమైలేజ్ కోసం మూడో వంతు బార్లీ మాల్ట్ కలపొచ్చు. మొదట 63 డిగ్రీల దగ్గర, తర్వాత 70 దగ్గర నానబెడితే రెండు ఎంజైములకూ పని దొరుకుతుంది. చోడిపిండి ఉడకడానికి కాస్త ఎక్కువ వేడి కావాలి కాబట్టి దాన్ని ముందే విడిగా కాచి కలిపితే మేలు. హాప్స్ కొద్దిగా చాలు, వగరు ఎలాగూ ఉంది. వడపోతకు పొట్టు లేకపోవడం ఒక్కటే అసలైన చిక్కు. దానికి పొట్టు లేని గింజలు వాడే బ్రూవరీలు చేసే పనే చేయొచ్చు, శుభ్రంగా కడిగిన వరి ఊక కలపడం. ఊక రుచినివ్వదు, రంగునివ్వదు, రసాన్ని మాత్రం జారనిస్తుంది. రాయగడ, జయపురం చుట్టుపక్కల రైసు మిల్లుల్లో అది కుప్పలుగా పడి ఉంటుంది.